అమ్మమ్మకి కోర్టు గుమ్మం తొక్కే హక్కే లేదట!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్. "పిల్లల కస్టడీ అడిగే హక్కు తల్లిదండ్రులకే. ఐదేళ్ళు దాటితే బిడ్డ తండ్రిదే. అందరికీ పంపండి." పంపారు కూడా, దణ్ణాల బొమ్మలు పెట్టి మరీ. కోర్టు మెట్లెక్కని వాళ్ళంతా మనకు పెద్ద ప్లీడర్లే కదా.

అయ్యా, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, ఎనిమిదో సెక్షన్ ఒక్కసారి చదవండి. గార్డియన్‌ని నియమించమని బిడ్డ బంధువులు అడగొచ్చు, స్నేహితులు అడగొచ్చు, ఆఖరికి కలెక్టరూ అడగొచ్చు. తెల్లదొరలు కలెక్టరుకి కూడా కుర్చీ వేశారు, మన వాట్సాప్ జడ్జీలు అమ్మమ్మని గేటు బయటే నిలబెట్టారు!

అడగడం వేరు, దక్కడం వేరు, ఒప్పుకుంటాను. తండ్రి బతికుండి, పనికిరానివాడని తేలకపోతే మిగతావాళ్ళకి దారి కష్టమే. 2019లో తేజస్విని గౌడ్ కేసులో తల్లి చనిపోయిన పసిబిడ్డని ఆమె బంధువుల దగ్గర్నించి సుప్రీంకోర్టు తండ్రికే ఇప్పించింది. కానీ కోవిడ్‌లో అమ్మానాన్నా ఇద్దరూ పోయిన గుజరాత్ బాబు సంగతేంటి? తల్లి తోబుట్టువుకి ఉద్యోగముంది, వయసు తక్కువని హైకోర్టు ఆమెకిచ్చింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని మార్చి నానమ్మ, తాతయ్యలకి అప్పగించింది. ముసలివాళ్ళకి ఎవరిస్తారండీ అనే మేధావులకి ఈ తీర్పు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇక ఐదేళ్ళ లెక్క. 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలో, అంటే మైనర్ పిల్లల సంరక్షణ చట్టంలో, ఉన్నది, ఐదు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలనే. ఐదో పుట్టినరోజు కేక్ కొయ్యగానే తండ్రికి అప్పజెప్పమని ఎక్కడా లేదు. అదే చట్టం పదమూడో సెక్షన్‌లో బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముందు అని ఉంది. అంతదూరం చదివే ఓపిక ఎవరికుంది లెండి.

అమ్మమ్మ వెయ్యాల్సింది జీడబ్ల్యూఓపీ, అంటే పైన చెప్పిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్. విడాకుల కేసులో భార్యాభర్తలు వేసుకునే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 అర్జీ కాదు. వెయ్యాల్సిన చోటు బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరి ఫ్యామిలీ కోర్టు, అది లేకపోతే జిల్లా కోర్టు. సొంతూళ్ళో వేసి, పరిధి లేదని పిటిషన్ తిరిగొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి, ఈలోపు బిడ్డ అవతలివాళ్ళకి అలవాటు పడిపోతుంది. గార్డియన్‌గా ఉండటానికి సమ్మతి తెలిపే కాగితం మీద సంతకం, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. కేసు తేలేదాకా తాత్కాలిక కస్టడీకి ఆ గార్డియన్స్ చట్టమే సెక్షన్ 12 కింద ఐఏ (మధ్యంతర అర్జీ) కూడా అప్పుడే వేసెయ్యాలి.

అసలు నా మంట ఇది కాదు, విజిటేషన్ ఆర్డర్లు, అంటే కస్టడీ దక్కనివాళ్ళు బిడ్డని ఎప్పుడు చూడొచ్చో చెప్పేవి. రాజీ మెమోలో "నెలకి రెండు ఆదివారాలు చూపించాలి" అని ఒక్క లైను రాసి, రెండువైపులా ప్లీడర్లు చేతులు దులుపుకుంటారు. ఏ రెండు ఆదివారాలు? ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా? ఎక్కడ? ఎవరు తీసుకెళ్ళాలి, ఎవరు దింపాలి? బిడ్డకి జ్వరమొస్తే బదులు ఏ రోజు? వేసవి సెలవుల్లో ఎన్నాళ్ళు? వీడియో కాల్ ఏ వారం, ఏ గంటకి? ఇవేవీ ఉండవు. దాంతో ప్రతి ఆదివారం గేటు దగ్గర పంచాయితీ, మధ్యలో బ్యాగు పట్టుకుని నిలబడ్డ పిల్ల.

దానికి తోడు "భరణం కట్టలేదు, చూపించం" అనేవాళ్ళు ఒకరు, "చూపించలేదు, కట్టను" అనేవాళ్ళు ఇంకొకరు. భరణమేమన్నా సినిమా టికెట్టా? కట్టకపోతే వసూలుకి పిటిషన్ ఉంది, చూపించకపోతే అమలుకి పిటిషన్ ఉంది. రెండూ వేరు.

"మెమోలో సంతకం పెట్టేశాం, ఇక అయిపోయింది" అనే నిట్టూర్పు ఒకటి. కస్టడీ ఆర్డరు శిలాశాసనం కాదు, పరిస్థితులు మారితే మార్చొచ్చని 1973లోనే రోసీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మా గ్రూపుదాకా రాలేదు. పొద్దుటి ఫార్వర్డ్ మాత్రం మధ్యాహ్నానికే మూడుసార్లు తిరిగొచ్చింది.