వెయిటింగ్ ఉన్న కారుకు లక్ష తగ్గదు, తగ్గేది వేరే గడిలో

"కొత్త కారు కొంటున్నారా? షోరూము వాళ్లు చెప్పని రహస్యాలు" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి కర్నూలు, అనంతపురం, కడప వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారం ఇది: డీలరుకు పదిహేను శాతం మార్జిన్ ఉంటుంది, పది శాతం తగ్గించి అడుగు. రొక్కం చూపించు. నెలాఖరున పో. ఆన్‌రోడ్ (లైఫ్ ట్యాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపిన ధర) ఎంత అని ఒకే అంకె మాట్లాడుకో, లెక్కల్లోకి దిగొద్దు. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకో, బయట తీసుకుంటే వారంటీ పోతుంది. నాలుగు చోట్ల బుక్ చేసిపెట్టు. కియా అయితే పెనుకొండ ఫ్యాక్టరీ మన పక్కనే గనక తక్కువకు వస్తుంది. బండి వచ్చిందనగానే మొత్తం డబ్బు కట్టేయ్. ఇట్లా చేస్తే లక్ష మిగులుతుందట.

యార్డులో నెలల తరబడి ఎండకు ఎండుతున్న మోడల్‌ను ఆషాఢంలోనో మహాలయ పక్షంలోనో అడిగితే ఇందులో సగం పారొచ్చు. వెయిటింగ్ లిస్టు నడుస్తున్న మోడల్ దగ్గర మాత్రం కొన్ని పనికిరావు, కొన్ని ఎదురు నష్టం చేస్తాయి. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగి, పైనున్న సెస్సు కూడా పోయాక క్యూలు ఇంకా పెరిగాయి. ఒక్కొక్క మాటే చూద్దాం.

"పదిహేను శాతం మార్జిన్, పది శాతం తగ్గించి అడుగు"

మామూలు కార్ల మీద డీలరు మార్జిన్ ఐదు శాతం అటూ ఇటూ ఉంటుంది. కనీసం ఏడు శాతమైనా ఇవ్వమని డీలర్ల సంఘం ఫాడా కంపెనీలను అడుగుతూ వస్తోంది, పదిహేను ఎక్కడిది? ఎక్స్‌షోరూము ధర, అంటే లైఫ్ ట్యాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ కలపని ధర, 12 లక్షలున్న బండి మీద ఐదు శాతమంటే 60 వేలు. అద్దె, జీతాలు, కంపెనీకి ముందే కట్టిన డబ్బు మీద బ్యాంకు వడ్డీ అన్నీ అందులోంచే పోవాలి. ఆ డీలరును 1,20,000 తగ్గించమంటే గట్టి బేరగాడు వచ్చాడనుకోరు, ధర తెలియని మనిషి వచ్చాడనుకుంటారు. లేచి వెళ్లిపోతానన్నా అంతే. ఆ బండి కోసం వెనక వరసలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు.

ఎక్స్‌షోరూము మీద తగ్గింపు చాలావరకు కంపెనీ నెలనెలా ఇచ్చే స్కీముల నుంచి వస్తుంది. గిరాకీ ఉన్న మోడల్‌కు క్యాష్ డిస్కౌంట్ సున్నా కావచ్చు, అయినా అదే నెలలో కార్పొరేట్ డిస్కౌంటో ఎక్స్ఛేంజ్ బోనసో బతికే ఉండొచ్చు. కార్పొరేట్ అన్న పేరు చూసి టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మనకు కాదులే అనుకుని వదిలేస్తారు. చాలా కంపెనీల జాబితాలో వాళ్లూ ఉంటారు. గుర్తింపు కార్డు తీసుకుపోయి, ఈ నెల స్కీము కాగితం చూపించమని అడగాలి. ఎక్స్ఛేంజ్ అయితే పాత బండి వెల, బోనసు విడివిడిగా రాయించుకోవాలి. "మీ బండికి 3 లక్షలు" అన్న మాటలో బోనసు కలిసిపోయి ఉంటే పాత బండికి నిజంగా కట్టిన వెల అంతకంటే తక్కువ. బయట అంగట్లో ఒక రేటు కనుక్కుని పోతే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

"రొక్కం చూపిస్తే దిగొస్తారు"

2017 ఏప్రిల్ నుంచి ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా. కాబట్టి సంచిలో దుడ్లు చూపిస్తే డీలరుకు ఆశ పుట్టదు, తలనొప్పి మొదలవుతుంది. పైగా షోరూము ద్వారా లోను తీసుకుంటే బ్యాంకు నుంచి డీలరుకు కమీషన్ వస్తుంది. అంటే రొక్కం వాడికన్నా లోను వాడే ఆయనకు లాభం.

బేరం పెట్టాల్సింది ఇక్కడే. ముందుగా సొంత బ్యాంకులో శాంక్షన్ లెటర్ (లోను మంజూరు పత్రం) తీసుకుని, దానికన్నా తక్కువ వడ్డీ ఇస్తే మీ దగ్గరే లోను చేస్తామని చెప్పాలి. 8 లక్షల లోను, ఐదేళ్లు: 9.5 శాతానికి బదులు 9 శాతమైతే మొత్తం మీద దాదాపు 11,700 తగ్గుతుంది. ఎవరైనా "వడ్డీ 5 శాతమే" అంటే అది ఫ్లాట్ వడ్డీయా, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వేసేదా అని అడగండి. ఐదేళ్లకు 5 శాతం ఫ్లాట్ అంటే తగ్గుతూ పోయే బాకీ మీద లెక్కేస్తే 9 పైనే. ప్రాసెసింగ్ ఫీజు, లోనుకు తగిలించే బీమా, ముందుగా తీర్చేస్తే పడే చార్జీ కూడా అప్పుడే అడగాలి.

"నెలాఖరున పోతే టార్గెట్ కోసం తగ్గిస్తారు"

అమ్ముడుపోని స్టాకున్న షోరూముకు ఇది నిజం. వెయిటింగ్ ఉన్నచోట టార్గెట్ క్యూలో ఉన్నవాళ్లతోనే నిండుతుంది. కానీ నెలాఖరుకు వేరే ఉపయోగం ఉంది, మెసేజ్ రాసినాయనకు అది తట్టలేదు. డీలరు బ్యాంకు అప్పుతో కంపెనీకి డబ్బు కట్టి బండి దించుకుంటాడు. అది యార్డులో నిలబడ్డ ప్రతిరోజూ వడ్డీ నడుస్తుంది. అలాట్ అయినవాళ్లలో ఒకరికి లోను రాదు, ఇంకొకరికి రంగు నచ్చదు, మరొకరు శూన్యమాసమని వాయిదా వేస్తారు. అట్లా ఆగిపోయిన బండ్లను నెల చివరి వారంలో ఎవరికో ఒకరికి బిల్లు చేయాలని చూస్తారు. లోను శాంక్షన్, పాన్, ఆధార్, అడ్రస్ ప్రూఫ్ సిద్ధంగా పెట్టుకుని, "ఈ వేరియంట్‌లో తెలుపు గానీ బూడిద రంగు గానీ వస్తే ఆ రోజే డబ్బు వేస్తాం" అని ఎగ్జిక్యూటివ్‌కే కాక సేల్స్ మేనేజర్‌కు కూడా చెప్పి ఉంచినవాళ్లకు ఆ ఫోన్ వస్తుంది. లక్ష తగ్గదు, వెయిటింగ్ మాత్రం వారాల కొద్దీ తగ్గొచ్చు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు ఉచితంగా అడగడానికి అదే సరైన ఘడియ.

జనవరిలో తీసుకునేవాళ్లకు ఒక మాట: అలాట్ చేసింది డిసెంబర్‌లో తయారైన బండి అయితే ఆర్సీలో పాత సంవత్సరమే పడుతుంది, రేపు అమ్మేటప్పుడు ఏడాది పాతదిగా లెక్కేస్తారు. ఆ బండికి తగ్గింపు అడగడంలో న్యాయం ఉంది.

"ఆన్‌రోడ్ ఒకే అంకె మాట్లాడుకో"

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. గిరాకీ ఉన్నప్పుడు కొటేషన్‌లో పై గడి, అంటే ఎక్స్‌షోరూము, కదలదు. కదిలేవన్నీ కింది గడుల్లో ఉంటాయి. ఒకే అంకె మాట్లాడుకుంటే ఆ గడులను కళ్లు మూసుకుని ఒప్పుకున్నట్టు. అందుకే ప్రతి పద్దూ విడిగా ఉన్న కొటేషన్ ముద్రించి, ముద్ర వేసి ఇమ్మని అడగాలి. చీటీ వెనక పెన్నుతో రాసిచ్చింది కొటేషన్ కాదు.

లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది, బేరం లేదు, రసీదుతో సరిచూసుకోవాలి. కేంద్ర నిబంధనల్లో కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600, లోను ఉంటే హైపోథికేషన్‌కు (బండి మీద బ్యాంకు అప్పుందని ఆర్సీలో రాయడానికి) 1,500. దాని పైన సర్వీసు చార్జీ, కార్డు ఖర్చు ఉంటాయి. కొటేషన్‌లో "రిజిస్ట్రేషన్ 9,000" అని గుండుగుత్తగా ఉంటే విడగొట్టమనాలి, మిగిలిన వేలు దేనికో అప్పుడు తేలుతుంది. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపన్ను) వేస్తారు. అది ఖర్చు కాదు, పాన్ సరిగ్గా ఇస్తే ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. 12 లక్షల బండికి 12 వేలు. రిటర్ను వేయని రైతు కుటుంబాల్లో ఇది ఊరికే వదిలేసుకునేవాళ్లు ఉంటారు.

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, డిపో చార్జీలు: వీటిని "సుప్రీంకోర్టు రద్దు చేసింది" అని ఇంకో మెసేజ్ తిరుగుతుంటుంది, దాన్ని చూపించి గొడవపడితే పని కాదు. ఏ సేవకు, దానికి జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడగాలి. బిల్లు ఇవ్వలేని పద్దు తరచుగా అక్కడికక్కడే మాయమవుతుంది. మాయం కాకపోతే కొటేషన్ ఫొటోతో కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్, ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చెల్లించిన ధర 50 లక్షల లోపు వివాదాలకు జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, కొన్న ఊళ్లోనే కాక ఉంటున్న ఊళ్లోనూ కేసు వేయొచ్చు.

ఇక యాక్సెసరీస్. వెయిటింగ్ ఉన్న బండికి "ముప్పై వేల కిట్ తప్పనిసరి" అనడం మామూలైపోయింది. పూర్తిగా తీసేయరు అనిపిస్తే కిట్‌కు బదులు అదే మొత్తానికి పనికొచ్చేవి కంపెనీ ధరల పట్టిక చూసి ఏరుకుంటామనాలి. ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, బాడీ కవర్ ఎప్పుడైనా అవసరమే. క్రోమ్ పట్టీలు, టెఫ్లాన్ కోటింగ్ వద్దు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీట్లోనే ఉండే బండికి బిగుతు సీటు కవర్ వేయిస్తే ఆ బ్యాగు విచ్చుకునే దారి మూసినట్టే. ముందు బంపరుకు బుల్ గార్డ్ అంటగడితే అసలే ఒప్పుకోవద్దు, అవి చట్టవిరుద్ధమని, చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదటి వారంటీ నడుస్తున్నప్పుడు కూడా కొనుక్కోవచ్చు, కాకపోతే ఆలస్యమైన కొద్దీ రేటు పెంచే కంపెనీలున్నాయి. ఆ పట్టిక అడిగి నిర్ణయించుకోండి.

"బయట ఇన్సూరెన్స్ తీసుకుంటే వారంటీ పోతుంది"

పోదు. వారంటీ తయారీ లోపానికి కంపెనీ ఇచ్చే హామీ, ఇన్సూరెన్స్ ప్రమాదానికి వేరే సంస్థ ఇచ్చేది. షోరూములోనే తీసుకోవాలని బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ బీమా కంపెనీకి మీ వర్క్‌షాపులో క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) ఉందా? జాబితా తీసుకుని అందులోని కంపెనీ నుంచే బయట కొనుక్కుంటే సరి.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఎక్కడైనా ఒకటే. 2022 జూన్ రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు 6,521, 1,500 వరకు 10,640, ఆపైన 24,596, వీటి మీద జీఎస్టీ. తేడా అంతా సొంత డ్యామేజీ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో, యాడ్‌ఆన్‌లలో, అంటే అదనపు కవర్లలో. సొంత డ్యామేజీ ఒక ఏడాదికే తీసుకుంటే చాలు. పోల్చేటప్పుడు ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కగట్టే వెల), యాడ్‌ఆన్‌లు రెండు కొటేషన్లలోనూ ఒకేలా ఉండాలి. ఐడీవీ తగ్గించి చవగ్గా చూపడం పాత ఎత్తు. పాత కారు అమ్మేసినవాళ్లు దాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త కారు సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గుతుంది. ఇది మూడేళ్లలోపు వాడుకోవాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు రాగానే పాలసీ కొని, రిజిస్ట్రేషన్ కన్నా ముందే షోరూముకు ఇవ్వాలి. బయటి కొటేషన్ చూపిస్తే షోరూమే రేటు దించడం కూడా జరుగుతుంది, అప్పుడు అక్కడే తీసుకున్నా తప్పులేదు.

"నాలుగు చోట్ల బుక్ చేసిపెట్టు"

నాలుగు చోట్ల కొటేషన్లు తీసుకోండి, అడ్వాన్సు ఒక్కచోటే కట్టండి. బుకింగ్ ఫారంలో చిన్న అక్షరాల్లో డెలివరీ నాటి ధరే వర్తిస్తుందనీ, రద్దు చేస్తే ఇంత కోత అనీ ఉంటుంది. అది చదవకుండా నాలుగు సంతకాలు పెట్టడం నాలుగు తలనొప్పులు కొనుక్కోవడమే. కట్టిన చోట కంపెనీ సిస్టంలో బుకింగ్ నంబరు పడిందా, ఫోన్‌కు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చిందా చూసుకోవాలి. చేతి రసీదు క్యూలో చోటు కాదు. డబ్బు డీలరు సంస్థ ఖాతాకే పోవాలి, ఎగ్జిక్యూటివ్ సొంత ఫోన్‌పేకు కాదు.

కర్నూలాయన కడపలోనో అనంతపురంలోనో కొంటే నంబరు తేడా వస్తుందన్న భయం ఇప్పుడక్కర్లేదు. ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 రోజులు 2019తో పోయాయి, రాష్ట్రమంతా ఏపీ 39తో ఒకే వరుస మొదలైంది. బళ్లారి, బెంగళూరు, హైదరాబాద్ అయితే టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద తెచ్చి ఇక్కడే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎవరిదో అక్కడి చిరునామా పెట్టి రిజిస్ట్రేషన్ చేయించే తెలివి మాత్రం వద్దు.

"పెనుకొండ ఫ్యాక్టరీ మన పక్కనే"

ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి బండ్లు తయారుచేస్తోంది, నిజం. అది డీలర్లకే బిల్లు చేస్తుంది, గేటు దగ్గర ఎవరికీ అమ్మదు. అనంతపురం డీలరు కూడా మిగతా ఊళ్ల డీలర్ల లాగే ఆర్డరు పెట్టి తన కోటా కోసం ఎదురుచూడాలి. "ఫ్యాక్టరీలో మనోడున్నాడు" అని అడ్వాన్సు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

"బండి వచ్చిందనగానే మొత్తం కట్టేయ్"

ఆలస్యం చేస్తే బండి పక్కవాళ్లకు పోతుందన్నది నిజమే. అయినా ముందు ఛాసిస్ నంబరు రాతపూర్వకంగా తీసుకుని, యార్డుకు పోయి, ఆ బండినే చూసి, అప్పుడు ఆర్టీజీఎస్ చేయాలి. ఇదంతా ఒక పూట పని. పగటి వెలుగులో రంగు తేడాలు, తలుపుల అంచులు, అద్దం మీద గీతలు, డిక్కీలో స్టెప్నీ, జాకీ చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు తయారీ వారం, సంవత్సరం: 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లలో ఒకటి మరీ పాతదైతే ఎందుకని అడగాలి. ఫారం 21లో, అంటే డీలరిచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో, తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, బండి మీది పలకతో సరిపోవాలి. మీటరులో కిలోమీటర్లు ఎక్కువుంటే టెస్ట్ డ్రైవ్ బండేమో కనుక్కోవాలి.

చాలామంది దీన్ని వదిలేసేది సోమరితనంతో కాదు, ముహూర్తంతో. శనివారం కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ అని ముందే చెప్పేసుకుంటారు, శుక్రవారం సాయంత్రం బండి చేతికొస్తుంది, చూసే టైమెక్కడ? ముహూర్తానికి కనీసం మూడు రోజుల ముందు యార్డులో చూపించాలని బుకింగ్ నాడే ఫారం మీద రాయించండి. రిజిస్ట్రేషన్ కాకముందైతే బండి మార్చమని అడగొచ్చు, అయ్యాక మీ పేరు మీదున్న బండికి డెంటు తీయించుకోవడమే మిగులుతుంది.