బోడిగుండుకూ మోకాలికీ కుదిరిన ముడి

సంబంధం లేని సంగతులు కలిపితే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టుందని పెద్దలు ఎగతాళి చేసేవారు గానీ, అమ్మను తిరుపతి తీసుకువెళ్లి వచ్చాక ఆ ముడి ఎంత గట్టిదో, దాని ఖరీదెంతో నాకు రూపాయలతో సహా తెలిసివచ్చింది. గుండు నాది, మోకాలు ఆమెది. ఖర్చు ఉమ్మడిది, అంటే నాది.

2050 నాటికి దేశంలో అయిదుగురిలో ఒకరు అరవై దాటినవారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. పట్టణ కుటుంబాల ఆహారేతర ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు ప్రయాణాలదేనని 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే తేల్చింది. ఈ రెండింటినీ కలిపే మోకాలికి ఆ లెక్కల్లో ప్రత్యేక కాలమ్ లేకపోవడం గణాంక శాస్త్రానికి తీరని లోటు.

అరవై నిండిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది నిండిన ఆడవారికి 50 శాతం ఇస్తూ వచ్చిన రాయితీని రైల్వే శాఖ 2020 మార్చిలో కరోనా వేళ ఆపేసింది. కరోనా వెళ్లిపోయినా, ఆ రాయితీకి తిరుగు ప్రయాణం టికెట్ ఇంకా దొరికినట్టు లేదు. పోతే పోయింది, అమ్మ మోకాలు పై బెర్త్‌ను ఎలాగూ గుర్తించదు. కింది బెర్త్ దొరికినా, మధ్య బెర్త్ ఆసామి పెందలాడే దాన్ని ఎత్తి గొలుసులకు తగిలించేస్తే, ఆమె మెడ వంచుకుని కూర్చోవాలి. అందుచేత మధ్య బెర్త్ అనేదే లేని సెకండ్ ఏసీకి మా కుటుంబం పదోన్నతి పొందింది. సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే పగలే చేరిపోవచ్చని నేను సూచించగా, ఎనిమిది గంటలకు పైగా కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే ముందు దిగేది తాను కాదనీ, తన పాదాల వాపనీ ఆమె తీర్పు చెప్పింది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితం కనుక, ఊళ్లోనైనా ఖర్చు సగానికి దిగుతుందని ఆశపడ్డాను. తార్నాక నుంచి కోఠికి అమ్మకయ్యేది సున్నా. ఇంటి నుంచి బస్టాపుకు ఆటో 60 రూపాయలు, ఆమెను ఆ ఎత్తయిన ఫుట్‌బోర్డు ఎక్కించడానికి వెంట వెళ్లే మగవాణ్ణి కనుక నాకు టికెట్, కోఠిలో దిగాక మళ్లీ ఆటో. ఇంటికి రాగానే ఆమె జీరో టికెట్‌ను మడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకుంటుంది. కొడుకు చేత పైసా ఖర్చు పెట్టించడం లేదనడానికి అదే సాక్ష్యం.

డాక్టరు నడక తగ్గించమన్నాడు కనుక ఇవన్నీ న్యాయమైన ఖర్చులేనని నేనూ ఒప్పుకునేవాణ్ణి, వచ్చే పౌర్ణమికి అరుణాచలం వెళదామని ఆమె అనకపోయి ఉంటే. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. బస్టాపు దాకా రాని మోకాలు అక్కడ కొండ చుట్టూ ఎలా వస్తుందమ్మా అని అడిగాను.

“అది అరుణాచలేశ్వరుడి దారిరా, మన గల్లీ కాదు. నువ్వు కింది బెర్త్ సంగతి చూడు” అంది.