చుక్క నొక్కితే కామా పడుతోంది, కీబోర్డు మార్చండి అన్నారు

ఎండలో సికింద్రాబాద్ పార్క్ లేన్ దాకా వెళ్లి, 850 రూపాయలు పోసి కొత్త కీబోర్డు తెచ్చి, కవరు చించి, తీగ తగిలించి, నంబర్ ప్యాడ్‌లో సున్నా పక్కనున్న చుక్క మీట నొక్కితే, ఎక్సెల్ గడిలో మళ్లీ కామాయే పడింది. పాత కీబోర్డు పాడైందని, కొత్తది పెడితే అంతా సర్దుకుంటుందని మా కంప్యూటర్లు చూసే అబ్బాయి ఫోనులోనే తేల్చేశాడు. రోగి ముఖం చూడకుండా మందు రాసిచ్చే ఆ విద్య ఏ ఊళ్లో నేర్పుతారో తెలిస్తే నేనూ చేరతాను.

జీడిమెట్లలో మాదొక చిన్న యూనిట్. ఇనుప బ్రాకెట్లు చేసి జర్మనీకి పంపుతాం. లెక్కలూ ఎగుమతి కాగితాలూ నావి. జర్మన్లు దశాంశానికి కామా, వేలను విడదీయడానికి చుక్క వాడతారు. అది వాళ్ల ఆచారం, దానితో నాకు పేచీ లేదు. అయితే కొనుగోలుదారు పంపిన ఫైలు సరిగ్గా కనిపించాలంటూ ఆ అబ్బాయి పోయిన వారం నా కంప్యూటరులో ప్రాంతాన్ని, అంటే అంకెలూ తేదీలూ ఏ దేశపు పద్ధతిలో చూపాలో చెప్పే సెట్టింగును, జర్మనీగా మార్చి, ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

కీబోర్డు ఏ పాపమూ ఎరుగదు. మీట మీద అచ్చు వేసిన చుక్క ఉత్త రంగు మాత్రమే. కీబోర్డు పంపేది ఆ మీటకు కేటాయించిన ఒక సంఖ్యను. జర్మనీలో అదే మీట మీద కామా అచ్చు వేసి ఉంటుంది, లోపలి నుంచి వెళ్లే సంకేతం మాత్రం ఇదే. దాన్ని ఏ గుర్తుగా చూపాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఎక్సెల్ మరీ చొరవ తీసుకుని, ప్రాంతం జర్మనీ అయితే నంబర్ ప్యాడ్ చుక్కను తానే కామాగా మారుస్తుంది. అదే మీట బ్రౌజరులో నొక్కితే నాకు చక్కగా చుక్కే పడుతోంది. చెడిపోయిన మీట ఒకచోట పనిచేసి ఇంకొకచోట పనిచేయదా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నా 850 రూపాయలు మిగిలేవి.

అసలు మంట ఇప్పుడు చెబుతాను. నంబర్ ప్యాడ్ చెడిందని నమ్మి, వారమంతా అక్షరాల వైపున్న చుక్కతో కొట్టాను. ఆ చుక్కను ఎక్సెల్ ముట్టుకోదు, కాబట్టి చుక్క చుక్కగానే పడుతుంది. ఎంటర్ నొక్కాకే నాటకం మొదలవుతుంది. 12.5 అని కొడితే మే నెల 12వ తేదీ అయింది, ఎందుకంటే జర్మన్లు తేదీకి కూడా చుక్కే పెడతారు. దాన్ని కనీసం కంటితో పట్టుకోగలిగాను. ఒక్కో బ్రాకెట్ బరువు 1.250 కిలోలని కొట్టినప్పుడు మాత్రం గడిలో 1.250 అనే కనిపించింది, ఎక్సెల్ మాత్రం దాన్ని పన్నెండు వందల యాభైగా తీసుకుంది. చూపుకు ఏ తేడా లేదు. మీ బ్రాకెట్ ఒక్కొక్కటి టన్ను దాటుతోందా అని అవతలి వాళ్లు ఎంతో మర్యాదగా అడిగిన ఉత్తరాన్ని మా సార్ నలుగురి ముందు చదివి వినిపించారు.

2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దశాంశ గుర్తుగా చుక్కయినా సరే, కామా అయినా సరే అని తీర్మానించింది. ఇద్దరిదీ న్యాయమేనని చెప్పి లేచిపోయే ఊరి పెద్దల తీర్పు లాంటిది అది. విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో అయితే ఈ ఒక్క మీట కోసమే కేపీడీఎల్ అనే ఆప్షన్ ఉంది, చుక్క కావాలో కామా కావాలో మనమే చెప్పుకోవచ్చు. ఎక్సెల్ పని ఉచితంగా చేసిపెట్టే లిబ్రే ఆఫీసులో ఆ మీట ప్రాంతాన్ని అనుసరించాలా వద్దా అని ఒక టిక్కు పెట్టారు. ఎక్సెల్‌లో ఆప్షన్లకు వెళ్లి, అడ్వాన్స్‌డ్‌లోకి దిగి, కంప్యూటరు గుర్తులనే వాడమనే సిస్టమ్ సెపరేటర్ల టిక్కు తీసేసి మన గుర్తులు మనం పెట్టుకోవాలి. కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా రోజుకు వందల అంకెలు కొట్టే మనిషికి ఈ సంగతి చెప్పేవాడు మాత్రం ఎవడూ ఉండడు.

ఇంతకంటే పాత కోపం ఒకటుంది. పన్నెండున్నర లక్షలను 12,50,000 అని రాయడం మనకు పలకా బలపం నాటి అలవాటు. ఏ కొత్త కంప్యూటరు తెచ్చినా 1,250,000 అని చూపిస్తుంది, ప్రతిసారీ నేనే బతిమాలి లక్షల కామాలు పెట్టించుకోవాలి. ఈ వారం ఆ కామాలు కూడా పోయి చుక్కలొచ్చాయి. బ్యాంకు నిల్వ ఎదుట 1.250.000 అని చూసిన మా సార్, ఇది ఒకటింపావు రూపాయా అమ్మా అని అడిగారు. లక్షలు, కోట్లు లెక్కపెట్టే ఇన్ని కోట్లమందిమి ఉన్నా, మన కామా ఎక్కడుండాలో మనం అర్జీ పెట్టుకుంటే గాని తెలియదట.

ఇంతా చేసి, ఆ ప్రాంతం మార్చాల్సిన అవసరమే లేదు. ఎక్సెల్ ఫైలులో అంకె అంకెగానే ఉంటుంది. జర్మనీలో తెరిస్తే కామాతో, జీడిమెట్లలో తెరిస్తే చుక్కతో, ఎవరి పద్ధతిలో వారికి దానంతట అదే కనిపిస్తుంది. సాయంత్రం నేనే ప్రాంతాన్ని తిరిగి ఇండియాకు మార్చి, పాత కీబోర్డే తగిలించాను. కవరు చించిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని దుకాణంవాళ్లు చెప్పారు. ఖర్చు వోచరులో 850.00 అని కొట్టాను, చుక్క చుక్కగానే పడింది. వివరం అన్న చోట ఏం రాయాలో ఆ అబ్బాయినే అడగాలని ఫోను చేస్తే ఎత్తడం లేదు.