‘మావాడు తినడు’ అనే మాట

నెల్లూరులో ఏ పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నా కాసేపటికి వినిపించే మాట, “మావాడు కూరగాయలు ముట్టడు సార్” అని. ఒంగోలులోనూ అదే మాట, కనిగిరిలోనూ అదే. పిల్లవాడు పక్కనే నిలబడి అమ్మ తన గురించి ఏం చెబుతోందో శ్రద్ధగా వింటుంటాడు. మూడేళ్ల బిడ్డకు తానెవరో తెలిసేది ఇంట్లోవాళ్లు తన గురించి చెప్పుకునే మాటల వల్లే. కూరగాయలు ముట్టనివాడని నలుగురి ముందు పదే పదే విన్నాక ఆ పేరు నిలబెట్టుకోవడమే వాడి పని అవుతుంది.

పిల్లల తిండి గురించి ఇంటింటా టెన్షన్ ఉంది. ఉండాల్సిందే. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వారిలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వరి, చేప, రొయ్య, నిమ్మ, మామిడి అన్నీ దొరికే చోట ఉంటూ ఈ అంకెలు చదవాల్సి రావడం మాకు బాధగా ఉంది. పేదరికం, మంచి నీరు లేకపోవడం, మాటిమాటికీ వచ్చే విరేచనాలు ఇందుకు పెద్ద కారణాలు. వాటిని సరిచేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. ఈ రోజు మాత్రం ఇంట్లో మన చేతిలో ఉన్న సంగతి మాట్లాడదాం.

బిడ్డ పుట్టుకతోనే తీపిని ఇష్టపడుతుంది, చేదును ఉమ్మేస్తుంది. రెండేళ్లు వచ్చేసరికి కొత్త తిండి చూస్తే బెదురు మొదలవుతుంది. దాన్ని మనం మొండితనం అంటాం గానీ అది ఆ వయసు లక్షణం. ఒక కొత్త కూర నాలుకకు అలవాటు కావాలంటే ఎనిమిది, పదిసార్లు రుచి చూపించాలి. కొందరికి పదిహేనుసార్లు కూడా పడుతుంది. మన ఇళ్లలో రెండుసార్లు ఉమ్మేస్తే చాలు, పొన్నగంటి కూర ఆ బిడ్డ కంచంలోకి మళ్లీ రాదు.

ఆ తర్వాత మొదలయ్యేది ఫోన్. బొమ్మలు పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కుతాం. వెనకటికి చంకన వేసుకుని చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టలేదా, ఇదీ అంతేగా అని కొందరు అడుగుతారు. అప్పుడు జేజి (నాయనమ్మ) ముఖం బిడ్డకు, బిడ్డ ముఖం జేజికి కనిపిస్తూ ఉండేవి. చాలనిపించి తల తిప్పుకుంటే ఆమెకు తెలిసేది. ఫోన్ చూస్తున్న బిడ్డకు నోట్లో ఉన్నది పప్పో పెరుగో పట్టదు, కడుపు నిండిన సంగతీ తెలియదు.

లంచం ఇంకోటి. “బీరకాయ కూర తింటే చాక్లెట్ ఇస్తా.” అమెరికాలో లీన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1980ల్లోనే చిన్నపిల్లలతో దీన్ని పరీక్షించి చూశారు. బహుమతి ఆశ చూపి ఒక పానీయం తాగిస్తే, తర్వాత ఆ పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గింది. 1999లో వెలువడిన మరో అధ్యయనంలో, కళ్లెదుట పెట్టి తీసుకోనివ్వని చిరుతిండి మీద పిల్లల ధ్యాస ఇంకా పెరిగింది. మన ఇళ్లలోనూ జరిగేది ఇదే. చాక్లెట్ కోసం ఓర్చుకోవాల్సినది బీరకాయ అని బిడ్డకు మనమే నేర్పుతున్నాం.

అన్నిటికంటే మేం ముఖ్యమనుకునేది పెద్దవాళ్ల కంచం. “ఇవాళ కూడా ఆకుకూరేనా” అని నాన్న ముఖం చిట్లిస్తే, పక్కన కూర్చున్న కొడుకూ అలాగే చిట్లిస్తాడు. ఆదివారం చేపల పులుసు ఉడుకుతుంటే ఇల్లంతా సంబరం, సొరకాయ వండిన రోజు ఎవరూ మాట్లాడరు. ఏది తిండో, ఏది తప్పనిసరి తద్దినమో బిడ్డకు వేరే చెప్పక్కర్లేదు. ఇక అమ్మ సంగతి. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో, వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తింటుంది. చేప నడిముక్క మగవాళ్లకు, గుడ్డు కొడుక్కి. కూతురు రోజూ అది చూస్తూ పెరుగుతుంది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది కూడా ఆ సర్వేనే.

నిజానికి ఈ పాఠం బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. తల్లి తిన్నదాని రుచి ఉమ్మనీటిలోకి, చనుబాలలోకి చేరుతుంది. గర్భంతో ఉన్న చివరి నెలల్లోనో, పాలిచ్చే తొలి నెలల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తర్వాత క్యారెట్ కలిపిన ఆహారం పెడితే తక్కువగా ముఖం చిట్లించారని 2001లో ఒక అధ్యయనం తేల్చింది. మన దగ్గరేమో బాలింతకు పథ్యం పేరుతో కూరగాయలు, పండ్లు మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. నష్టపోతున్నది మాత్రం ఆ తల్లీ బిడ్డలే.

తెల్లారేసరికి రొయ్యల ప్లాంటుకో, పొగాకు గ్రేడింగ్‌కో వెళ్లే తల్లి, ఏడుస్తున్న బిడ్డ చేతిలో అయిదు రూపాయల చిప్స్ పాకెట్ పెడితే ఆమెను తప్పుపట్టడానికి మాకు మనసు రాదు. ఆ పూట బిడ్డకు తినిపించే పని నాన్నది ఎందుకు కాకూడదన్నదే మా ప్రశ్న.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి. ఎంత తినాలో బిడ్డకు వదిలేయాలి. “ఇంకొక్క ముద్ద” అనడం మానడం కష్టమే, ముఖ్యంగా నాయనమ్మలకు. బిడ్డ బరువు పెరగకపోతే, నీరసంగా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డ ఒక పూట తక్కువ తింటే కంగారు పడక్కర్లేదు, మరో పూట ఆకలి వేస్తుంది. ఇంట్లో తోటకూర ముట్టని పిల్లలు అంగన్‌వాడీలో పదిమందితో కలిసి కూర్చుని తోటకూర పప్పు తినడం చాలామంది తల్లులకు అనుభవమే. అక్కడ ఎవరూ వాళ్లను బతిమాలరు.

అదే అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల బరువు తూస్తారు. పిల్లల తిండి గురించి అక్కడ చెప్పే నాలుగు మాటలు తల్లులకే చెబుతున్నారు. ఆ మాటలు తండ్రులూ వినేలా, పనుల నుంచి ఇళ్లకు చేరాక, నెలకొక సాయంత్రం ఊళ్లో సమావేశం పెట్టాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులను కోరుతున్నాం. జేజినీ, అమ్మమ్మనూ కూడా పిలవాలి.