చనిపోతున్న సొరచేపను చూపించి రాక్షసి అంటారా?

లోతు సముద్రంలో బతికే ఫ్రిల్డ్ షార్క్ అనే సొరచేప వీడియో మళ్ళీ తిరుగుతోంది. సన్నగా పొడుగ్గా ఉన్న ఒళ్ళు, తెరిచిన నోరు, కింద ‘సముద్ర రాక్షసి’ అని క్యాప్షన్. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది నాకు. అది 2007 జనవరిలో జపాన్‌లోని అవషిమా మెరైన్ పార్క్ సిబ్బంది తీసిన వీడియో. లోతుల్లో ఉండాల్సిన జీవి పైకొచ్చి నీరసంగా ఈదుతుంటే జాలర్లు చెప్పారు, పార్క్ సిబ్బంది వెళ్ళి పట్టుకొచ్చారు. కొన్ని గంటలకే చనిపోయింది. అందులో మనకు కనిపిస్తున్నది కోపమూ కాదు, వేటా కాదు. ప్రాణం పోతున్న ఒక జంతువు.

దాన్ని తన చోట, తన లోతులో చూసినవాళ్ళు చాలా తక్కువ. 2004లో అమెరికా ఆగ్నేయ తీరానికి ఆవల, సముద్రం అడుగునున్న బ్లేక్ పీఠభూమి దగ్గర అలా చూడగలిగారు. శాస్త్రలోకానికి మాత్రం 1884 నుంచే తెలుసు, అమెరికా జంతుశాస్త్రవేత్త శామ్యూల్ గార్మన్ వర్ణించాడు. ఇన్నేళ్ళైనా అది సహజంగా వేటాడుతుండగా ఎవరూ చూడలేదు!

భయపెట్టడానికి వాడుకునే ఆ నోటినే కాస్త దగ్గర నుంచి చూడండి. సుమారు 300 పళ్ళు, 25 వరుసల్లో. ఒక్కో పంటికీ సూదుల్లాంటి మూడు మొనలు, అన్నీ లోపలికే వంగి ఉంటాయి. స్క్విడ్ లాంటి మెత్తటి జీవి వెనక్కి గింజుకునేకొద్దీ ఆ మొనలు ఇంకా దిగుతాయి. మిగతా సొరచేపల్లో చాలావాటికి నోరు ముక్కు కింద ఉంటే, దీనికి తల చివరే ఉంటుంది. దవడలు పొడుగు, బాగా సాగుతాయి. 1.6 మీటర్ల ఫ్రిల్డ్ షార్క్ ఒకటి 590 గ్రాముల మరో సొరచేపను మొత్తంగా మింగేసిన దాఖలా ఉంది. అయినా పట్టుబడిన వాటిలో ఎక్కువ భాగం కడుపులు ఖాళీగానే కనిపించాయి. తిండి ఎప్పుడో ఒకసారి దొరికే చోట, దొరికినదాన్ని జారిపోనివ్వకుండా పట్టుకునే నోరు ఇది. ఇందులో రాక్షసత్వం ఎక్కడుంది?

చాలా సొరచేపలకు మొప్పల చీలికలు అయిదు జతలే, దీనికి ఆరు. మొదటి జత గొంతు కింద కలిసిపోయి, అంచులు కుచ్చుల పట్టీలా కనిపిస్తాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో! పెద్ద కాలేయం నిండా నూనె, గట్టి ఎముకలకు బదులు మెత్తటి మృదులాస్థి అస్థిపంజరం. అందుకే పెద్దగా శ్రమ లేకుండానే లోతులో తేలుతూ ఉండగలదు. మనుషులకు దీనివల్ల వచ్చే ప్రమాదమేమీ లేదు.

నన్ను కదిలించేది మాత్రం దీని గర్భం. గుడ్లు తల్లి కడుపులోనే పొదగబడతాయి, పిల్లలు సొనతోనే పెరుగుతాయి. శాస్త్రవేత్తల అంచనా ప్రకారం గర్భకాలం మూడున్నరేళ్ళ దాకా ఉండొచ్చు. ఏనుగుకే 22 నెలలు! అంతా చేసి ఒక కాన్పులో పుట్టేవి 2 నుంచి 15, సగటున ఆరు. ఇంత నెమ్మదిగా పెరిగే జీవి వేరే చేపల కోసం లోతుల్లో వేసిన ట్రాలర్ వలల్లో చిక్కి చచ్చిపోతోంది. కావాలని ఎవరూ పట్టరు, అమ్మితే పెద్దగా డబ్బూ రాదు. టెన్షన్ పడాల్సింది దీని పళ్ళ గురించి కాదు, ఆ వలల గురించి.

వీడియో పెట్టేవాళ్ళకు ఒకటే చెబుతున్నాను. ఎక్కడ, ఎప్పుడు, ఏ స్థితిలో తీశారో రాయండి. కొన్ని గంటల్లో చనిపోయిందన్న సంగతి కూడా అదే క్యాప్షన్‌లో రాయండి.