నెల రోజులు ఓర్చుకోమంటున్న పెద్దమనుషులకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. పాత బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు వాకర్ల గ్రూపులో ఒకసారి, మా పెదనాన్న కొడుకు నుంచి ఒకసారి. మిగతా రెండూ ఎవరు పంపారో చూడలేదు. పైన "తల్లిదండ్రులారా, తప్పక చదవండి", కింద మూడు దండాల బొమ్మలు, మధ్యలో "ర్యాగింగ్ లేని తరం పిరికి తరం" అని తలకట్టు. పిల్లల్ని హాస్టళ్ళలో దింపి, ఆమదాలవలస స్టేషన్లో కళ్ళు తుడుచుకుంటూ దిగినవాళ్ళే దీన్ని మళ్ళీ మళ్ళీ పంపిస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

గ్రూపులో జవాబు పెడితే "గొడవలొద్దు సార్, గుడ్ మార్నింగ్" అన్నారు. సరే, ఇక్కడ రాస్తున్నాను.

ముందు రాముడి సంగతి తేల్చేద్దాం. "విశ్వామిత్రుడు రాముణ్ణి అడవికి తీసుకెళ్ళి రాటుదేల్చలేదా, అదీ ర్యాగింగే" అట. విశ్వామిత్రుడు దశరథుణ్ణి అడిగి తీసుకెళ్ళాడు. దారిలో ఆకలీ అలసటా తెలియకుండా బల, అతిబల అనే మంత్రాలు నేర్పాడు. రాత్రి పదకొండింటికి మూడో అంతస్తుకి పిలిచి తన రికార్డులు రాయించుకోలేదు.

"మిలిటరీలో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది." మిలిటరీలో చేరినవాడికి జీతమిస్తారు. మనవాడు ఫీజు కట్టి చేరాడు.

"ఒక్క ఫోన్ కొడితే చాలు, పాపం సీనియర్ జీవితం నాశనం." ఇది చదివి మా వాకర్లలో ఒకాయన నిజంగానే బాధపడ్డారు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. ఫిర్యాదు వస్తే ప్రిన్సిపాల్ విచారించాలి, నిజమేనని పైకి కనిపిస్తే అప్పుడు సస్పెండ్ చెయ్యాలి. 2009 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం తప్పు బరువును బట్టి శిక్ష ఏమిటో కాలేజీలోని ర్యాగింగ్ నిరోధక కమిటీ తేలుస్తుంది. హాస్టల్ నుంచి పంపడం, ఫలితాలు ఆపడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్లు బయట ఉంచడం, ఇలా మెట్లుంటాయి. అనుబంధ కాలేజీ వేసిన శిక్ష నచ్చకపోతే వైస్ ఛాన్సలర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఇక రాష్ట్ర చట్టంలో ఆటపట్టించి అవమానించినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి! 1997 నాటి వెయ్యే, ఇప్పటికీ. నాశనమైపోయే జీవితానికి కట్టిన ధర అది.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఫిర్యాదు అందినా పట్టించుకోని ప్రిన్సిపాల్ కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. మెసేజ్ రాసిన మహానుభావుడికి ఈ ముక్క కనబడలేదు.

"యాస పలికించి నవ్వుకున్నా కేసేనా?" అవును బాబూ, కేసే. పుట్టిన ఊరు, ప్రాంతం, భాష, కులం, రంగు, డబ్బు లేకపోవడం, వీటిని పట్టుకుని ఏడిపించడం ర్యాగింగేనని 2016లో యూజీసీ నిబంధనల్లోనే చేర్చారు. అది చదివినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందనిపించింది. నేను గోదావరి అవతల చదువుకున్నాను. అక్కడ నా పేరు ఎవరికీ అక్కర్లేదు. "ఒరే శ్రీకాకుళం, ఇటు రా" అనేవారు. రోజూ రాత్రి భోజనాలయ్యాక పేపరు చేతికిచ్చి మా యాసలో చదవమనేవారు. 'ఏటి' అన్నా నవ్వే, 'బేగి' అన్నా నవ్వే. ఒళ్ళు మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే. దసరాకి ఇంటికొస్తే అమ్మ అంది: "ఏట్రా, ఎవులితో మాట్లాడినట్టు మాట్లాడతన్నావు?" ఆ యాస నాకు మళ్ళీ రాలేదు. ఇప్పుడు కావాలని మాట్లాడితే నాటకంలా ఉంటుంది.

ఇక అసలు మాట. ఈ మెసేజ్‌లో మిగతావన్నీ చెత్త, ఇది విషం: "నెల రోజులు ఓర్చుకోమనండి. ఎవరికీ చెప్పొద్దనండి. చెబితే ఇంకా ఎక్కువ చేస్తారు. తర్వాత వాళ్ళే ప్రాణస్నేహితులవుతారు."

ఎవరు పెట్టారండీ ఈ నెల గడువు? హిమాచల్ ప్రదేశ్ టాండా మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు సీనియర్ల దెబ్బలకు చచ్చిపోయింది 2009 మార్చిలో. కొత్త బ్యాచ్ చేరిన మొదటి నెల కాదది. ఆ చావు తర్వాతే ఇప్పుడున్న హెల్ప్‌లైనూ, ఏటా పిల్లా తండ్రీ సంతకం పెట్టే అఫిడవిట్టూ వచ్చాయి. మనం చదవకుండా సంతకం గీకేస్తామే, అదే.

హాస్టల్లో ఉన్నవాడికి తెలుస్తుంది ఇది ఎలా నడుస్తుందో. మొదటి వారం ఉత్త 'ఇంట్రో'నే. పేరు, ఊరు, ఒక పాట. అప్పుడు వాళ్ళు చూసేది మన పాట కాదు, ఎవడు ఇంటికి ఫోన్ చేస్తాడు, ఎవడు చెయ్యడు అన్నది. చేసేవాడి జోలికి మామూలుగా మళ్ళీ పోరు. ఓర్చుకున్నవాణ్ణే రెండోసారి పిలుస్తారు. తర్వాత టిఫిన్ డబ్బులు, ఆ తర్వాత రికార్డులు, ఆ తర్వాత చెప్పుకోలేనివి. ఇప్పుడైతే పై అంతస్తుకి పిలవక్కర్లేదు, వాట్సాప్ గ్రూపులో పడేస్తే సరి. దాన్నీ ర్యాగింగ్‌గానే చూడాలని 2025లో యూజీసీ చెప్పాల్సొచ్చింది. అంటే మీరు పిల్లాడికి చెప్పి పంపుతున్న "ఓర్చుకో నాయనా" అన్న మాట వాళ్ళకి కావలసిన అర్హత. అమ్మానాన్నలే తయారుచేసి పంపిస్తున్నారు.

చెబితే ఇంకా చేస్తారన్న భయం ఉత్తిది కాదు, ఒప్పుకుంటాను. అందుకే చెప్పినవాడి పేరు బయటపెట్టకూడదని నిబంధన. పేరు చెప్పకుండానే 1800-180-5522కి ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యొచ్చు. నేరం జరిగినట్టు కనిపిస్తే 24 గంటల్లో పోలీసులకి ఎఫ్‌ఐఆర్ ఇవ్వాల్సింది కాలేజీయే.

ప్రాణస్నేహితుల సంగతి కూడా చెబుతాను. రెండో ఏడాదిలో నేనూ ఒకణ్ణి పిలిచాను. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర గిరిజన కుర్రాడు, అప్పట్లో మా జిల్లావాడే. "మీ బాసలో ఒక పాట పాడరా" అన్నాను. పాడాడు. అందరం నవ్వాం. పాట బాగుంది, ఆ మాట ఎవరమూ అనలేదు. నాలుగేళ్ళూ ఒకే మెస్సులో తిన్నాం, వాడు నా బల్ల దగ్గర ఒక్కపూటా కూర్చోలేదు.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం, ఇష్టం లేకపోయినా చెప్పాలి. "ఇప్పుడు సీనియర్లూ జూనియర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు" అన్నాడు. చూసుకోవట్లేదు. మందస నుంచో, వీరఘట్టం నుంచో తెలుగు మీడియంలో చదివొచ్చినవాడికి ఏ సబ్జెక్టు ఎలా చదవాలో, సప్లీ వస్తే ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు. నా మొదటి ఏడాది ఇంజనీరింగ్ బొమ్మలు గీసుకునే డ్రాఫ్టర్ ఒక సీనియర్ ఊరికే ఇచ్చాడు. (పేపరు చదివించినవాడు కాదు.) కొత్తవాళ్ళకి వేరే బ్లాకు ఇవ్వమన్న నిబంధనే, రెండు బ్యాచ్‌లనూ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించమనీ చెప్పింది. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి పేరు రాయక్కర్లేని సర్వే చెయ్యమనీ, కొత్తవాళ్ళని చిన్న చిన్న జట్లు చేసి ఒక్కో లెక్చరర్‌కి అప్పగించమనీ చెప్పింది. కాలేజీలు మాత్రం గోడ కట్టి, గేటు మీద ఫ్లెక్సీ కట్టి ఊరుకున్నాయి. అది మెసేజ్ రాసినవాడి తప్పు కాదు.

ఇది రాస్తుండగా మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని కొడుకు విజయనగరంలో హాస్టల్లో చేరి మూడు వారాలైంది. దానికీ వచ్చిందట మెసేజ్. "నెల్రోజులేనట కదన్నియ్యా, ఓర్సుకోమని సెప్పమంటావేటి?" నా కోపమంతా దాని మీదే తీర్చుకున్నాను, పాపం. తర్వాత వాడికి నేనే ఫోన్ చేసి హెల్ప్‌లైన్ నంబరు రాసుకోమన్నాను. ఎవరైనా ఏమైనా అంటే తేదీ, టైము, గది నంబరు రాసి పెట్టుకో, మెసేజ్‌లు చెరపకు అన్నాను.

"నంబరుంది మావయ్యా, నిన్ననే సేవ్ చేసుకున్నాను" అన్నాడు.

ఎందుకు సేవ్ చేసుకున్నావురా అంటే, ఊరికే అన్నాడు. రేపు పొద్దున్న మొదటి బస్సుకి విజయనగరం వెళ్తున్నాను.