నైలాక్ ఒక్కటే లాక్‌నట్టు కాదు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో పనిచేసే తెలుగు ఫిట్టర్ల ఫోన్లలో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. "లాక్‌నట్టు అంటే నైలాక్. అది వేస్తే ఏ యంత్రమైనా ఊడదు. టార్క్ పానా అక్కర్లేదు. విప్పి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఇంకా అనుమానముంటే కింద స్ప్రింగ్ వాషరు, పైన సన్నటి చెక్ నట్టు వేయండి." లాక్‌నట్టు అంటే తనంతట తాను వదులవకుండా చేసిన నట్టు. నైలాక్ అందులో ఒక రకం, దాని లోపల పై అంచున నైలాన్ వలయం ఉంటుంది. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని పాఠంలా దాచుకుంటున్నారు. మెయింటెనెన్స్‌లోనే తల నెరిసిన నాకు ఇది చూసి ఊరుకోవడం చేతకాలేదు.

"ఏ యంత్రమైనా ఊడదు" అన్న మాట ముందు చూద్దాం. రెండు భాగాలను కలిపి ఉంచేది నైలాన్ కాదు, బిగించినప్పుడు రవ్వంత సాగిన బోల్టు. అది మళ్ళీ కుదించుకోవాలని లాగుతూ భాగాలను అదిమి పట్టుకుంటుంది. ఆ అదుము చాలకపోతే భాగాలు ఒకదాని మీద ఒకటి పక్కకు జారతాయి, జారిన ప్రతిసారీ నట్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. ఇలా అడ్డంగా వచ్చే కదలికే నట్టుకు అసలు శత్రువని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగాలతో చూపించారు. నేటికీ నట్ల పట్టును పరీక్షించే యంత్రానికి ఆయన పేరే ఉంది. నైలాన్ వలయం మరలను పట్టుకొని నట్టు రాలిపోకుండా ఆపుతుంది. పోయిన అదుమును తిరిగి తేలేదు. నట్టు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, భాగాల అతుకు మాత్రం వదులై ఉంటుంది. చూసి సరేననుకొని వెళ్ళిపోతాం కాబట్టి ఇది మరింత ప్రమాదం.

ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పే బలంతో, బిగిస్తున్నామో చూపేది టార్క్ పానా. అది అక్కర్లేదనడం ఇందుకే పెద్ద తప్పు. 8.8 బలం గ్రేడున్న ఎం10 బోల్టుకు, అంటే పది మిల్లీమీటర్ల బోల్టుకు, సుమారు 45 నుంచి 50 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. నైలాక్ వేస్తే అందులో కొంత బలం నైలాన్ రాపిడికే పోతుంది. నట్టు ఇంకా ఆనకముందే దాన్ని తిప్పడానికి ఎంత పడుతోందో చూసి, ఆ టార్క్‌కు అంత కలపాలి. చేతికి గట్టిగా తగిలిందని ఆపేస్తే బోల్టు సాగనే లేదన్నమాట.

ఇక వేడి. నైలాన్ దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దాటితే పనికిరాదు. ఒక చిన్న కర్మాగారంలో జనరేటర్ పొగగొట్టం ఫ్లాంజికి, అంటే గొట్టాలను కలిపే అంచుకు, ఎవరో నైలాక్ నట్లు వేశారు. నేను వెళ్ళేసరికి ఒక్క వలయం కూడా మిగల్లేదు, మరల నిండా నల్లటి మసి. అక్కడ కావలసింది పూర్తి లోహపు లాక్‌నట్టు. దాని పై అంచును కొద్దిగా నొక్కి గుండ్రం తప్పించి ఉంచుతారు, ఆ వంకరే మరలను పట్టుకుంటుంది.

పని చేసేటప్పుడు బోల్టే తిరిగే చోట, ఉదాహరణకు లివర్ల కీళ్ళలో, రాపిడి పట్టు ఒక్కదాన్నే నమ్మకూడదు. అమెరికా విమాన నిబంధన 25.607 అలాంటి బోల్టుకు రాపిడితో పనిలేని మరో అడ్డు కూడా ఉండాలంటుంది. పైన గాళ్ళుండే క్యాజిల్ నట్టు, ఆ గాళ్ళలోంచి బోల్టు రంధ్రంలోకి దూర్చి వంచే స్ప్లిట్ పిన్ను అక్కడివి. షాఫ్టు మీద బేరింగు నిలిపేది ఇంకో రకం, చుట్టూ అంచున గాళ్ళున్న కేఎం నట్టు. దాని వాషరు లోపలి నాలుక షాఫ్టు గాడిలో కూర్చోవాలి, బయటి నాలుకల్లో ఒకదాన్ని నట్టు గాడిలోకి వంచాలి. గాడి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించండి, వెనక్కి తిప్పకండి.

ఒకచోట తెగి మెలితిరిగి ఉండే స్ప్రింగ్ వాషరు సంగతి నాసా 1990లో ప్రచురించిన ఫాస్టెనర్ల మాన్యువల్‌లోనే తేల్చేశారు. బోల్టు పూర్తిగా బిగిసేసరికి అది చదునైపోయి మామూలు వాషరుతో సమానమవుతుందనీ, లాకింగుకు పనికిరాదనీ అందులో ఉంది.

ఒక నట్టు మీద రెండోదాన్ని బిగించే చెక్ నట్టు పద్ధతి మంచిదే, కానీ సందేశంలో తలకిందులైంది. సన్నది కింద, మందమైనది పైన ఉండాలి. కింది నట్టును సగం బలంతో బిగించి, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకొని, పైదాన్ని పూర్తి టార్క్‌కు బిగించాలి. అప్పుడు భారమంతా పై నట్టు మరల మీదికి చేరుతుంది. అంత భారాన్ని మోయవలసిన చోట సన్నది పెడితే ఎలా? మా తరంలో చాలామందికి ఇది తప్పుగానే నేర్పారు. పిల్లలకైనా సరిగా నేర్పాలి.

మిగిలింది మళ్ళీ వాడటం. ఇలాంటి నట్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2320, ఐదోసారి విప్పినప్పుడు ఉండాల్సిన పట్టును మొదటిసారికంటే తక్కువగానే నిర్ణయించింది. ప్రతి విప్పుడుకూ నైలాన్ అరుగుతుంది. బ్రేకు, స్టీరింగు, పైకెత్తే గొలుసుల దగ్గర నేను ఎప్పుడూ కొత్తదే వేస్తాను. మిగతా చోట్ల పాతదాన్ని శుభ్రమైన బోల్టు మీద వేళ్ళతో తిప్పి చూడండి. నైలాన్ దాటి రెండు మరలు బయటికి వచ్చేదాకా వేళ్ళతోనే తిరిగిందంటే, దాన్ని చెత్తబుట్టలో వేయండి.